పాత బోటు మోటారు మొదటి స్టార్ట్: వేట నిషేధం తర్వాత ఏ వరసలో ఏం చేయాలి

జూన్ రెండో వారం వచ్చిందంటే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "రెండు నెలలు పక్కన పడున్న మోటారు, ఎంత లాగినా అందుకోవడం లేదు, ఏం చేయాలి?" మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగుతుంది. మామూలుగా వేటకు వెళ్లే బోటు మోటారు ఇన్ని రోజులు వరసగా కదలకుండా ఉండేది అప్పుడే. చలికి ఇంజను బిగుసుకుపోయే బాధ మనకి లేదు గానీ ఉప్పుగాలి, పాత పెట్రోలు, ఎండకి గట్టిపడిన రబ్బరు కలిసి అంతకంటే ఎక్కువే ఇబ్బంది పెడతాయి.

ఇక్కడ రాసేది తాడు లాగి స్టార్ట్ చేసే, కార్బొరేటర్ ఉన్న పాత టూ-స్ట్రోక్ పెట్రోలు మోటార్ల గురించి. సుమారుగా 8 నుంచి 40 హార్స్‌పవర్ వరకు, విడి ట్యాంకు, పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉండే రకం. ఫోర్-స్ట్రోక్‌కీ డీజిల్‌కీ పద్ధతి వేరు. కిరోసిన్ మీద నడిపేవాళ్లకి కింద విడిగా రాశాను.

ఒక్కటి మాత్రం ముందే చెప్పేస్తాను. సరిగ్గా అయిదారు సార్లు లాగినా అందుకోకపోతే ఇక ఆపండి. భుజం పట్టేసేదాకా ముప్పై నలభై సార్లు లాగితే మోటారు మొండితనం తగ్గదు, సిలిండర్లోకి ఇంకా పెట్రోలు చేరి పని మరింత చెడుతుంది. ఆగి ప్లగ్గు విప్పి చూడాలి. ఎక్కడ తేడా ఉందో సగం అక్కడే తెలిసిపోతుంది.

## 1. వారం ముందే మొదలుపెట్టండి

జూన్ 15 తెల్లవారుజామున, అందరూ వలలు ఎక్కించుకుంటున్నప్పుడు మోటారుని మొదటిసారి లాగి చూడటం అంత తెలివైన పని కాదు. ఆ పూట మెకానిక్ దొరకడు, దొరికినా మీకు కావాల్సిన సామాను దొరకదు. వారం ముందు ఇంటి దగ్గరో ఒడ్డునో ఒకసారి నడిపి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ప్లగ్గు స్పానరు, మీ మోటారు నంబరుకి సరిపడే కొత్త ప్లగ్గులు
- ప్లస్, మైనస్ స్క్రూడ్రైవర్లు, 10, 12 నంబరు స్పానర్లు, కటింగ్ ప్లేయరు
- కొత్తగా కొట్టించిన పెట్రోలు, బోటు మోటార్ల ఆయిలు, కొలత గుర్తులున్న సీసా
- మూత ఉన్న తెల్ల గాజు సీసా ఒకటి
- సన్నటి ఉప్పు కాగితం, పొడి గుడ్డలు, తంగూసు ముక్క
- మోటారు కింది భాగం మునిగేంత పెద్ద నీళ్ల డ్రమ్ము, మంచినీళ్లు

ముందు పై కవరు తీయండి. తీసిన వెంటనే తాడు మీద చెయ్యి వేయకుండా లోపల ఒక నిమిషం తేరిపార చూడండి. వైర్లను ఎలుకలు కొరికాయా, కనెక్షన్ల దగ్గర పచ్చగా చిలుము పట్టిందా, ఉప్పు తెల్లగా పేరుకుందా, కుమ్మరి పురుగు ఎక్కడైనా మట్టి గూడు కట్టిందా. నీళ్లు బయటికి చిమ్మే సన్న రంధ్రం ఆ పురుగుకి మహా ఇష్టం, అక్కడ తప్పకుండా చూడండి.

తర్వాత ప్లగ్గులు విప్పేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పైనున్న చక్రాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు చేత్తో మెల్లగా తిప్పండి. చెయ్యి అందకపోతే తాడునే నెమ్మదిగా, బలం పెట్టకుండా లాగండి. సాఫీగా తిరిగితే మంచిదే. కదలకపోతే మాత్రం బలవంతంగా లాగొద్దు. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఆయిలు పోసి రాత్రంతా వదిలేయండి, పొద్దున మళ్లీ చేత్తో ఆడించి చూడండి. రింగులు కొద్దిగా పట్టేసి ఉంటే అప్పటికి వదులుతాయి, అప్పటికీ కదలకపోతే మెకానిక్ పనే.

## 2. పాత పెట్రోలుతో మొదలుపెట్టొద్దు

నా లెక్కలో ఎక్కువ మోటార్లు మొండికేసేది ఇక్కడే. నిషేధానికి ముందు ఆయిలు కలిపి పెట్టిన పెట్రోలు ట్యాంకులో సగం ఉంటుంది, అంత డబ్బు పెట్టి కొన్నది పారబోయడానికి మనసు రాదు, అదే పోసి లాగుతారు.

ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఈ20 అంటున్నది దాన్నే. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. సముద్రం ఒడ్డున, సగం ఖాళీ ట్యాంకులో, మూత మీద గాలి మర తెరిచి ఉంటే ఇక చెప్పేదేముంది! తేమ ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. ట్యాంకులో పైపు పీల్చేది అడుగు నుంచే. పైగా ఆ అడుగు పొరలో ఆయిలు ఉండదు, కాబట్టి ఒకవేళ మోటారు అందుకున్నా పిస్టన్‌కి తడి అందదు.

పరీక్ష చిన్నదే. ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి, పావుగంట కదపకుండా ఉంచి, వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. అంతా ఒకే రంగులో, తేటగా ఉండాలి. అడుగున వేరే పొర కనబడినా, సీసా వంచినప్పుడు బొట్లు దొర్లినా, వార్నిష్ లాంటి పుల్లటి వాసన వచ్చినా ఆ పెట్రోలు ఈ మోటారుకి వద్దు. ఒడ్డున ఇసకలో మాత్రం పారబోయకండి.

కార్బొరేటర్ గిన్నెలో మిగిలింది కూడా పాతదే అని మర్చిపోతుంటారు. గిన్నె అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, కింద గుడ్డ పెట్టి అది వదులు చేసి అంతా కారనివ్వండి. పచ్చగానో జిగురుగానో వచ్చిందంటే జెట్లు, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలున్న ఇత్తడి ముక్కలు, కూడా పూడుకుని ఉండొచ్చు.

కొత్త పెట్రోలు కలిపే తీరు:

- బోటు మోటార్లకి టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిలు వాడండి. బైకుల టూ-టీ ఆయిలు గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, ఇందులో వాడితే ప్లగ్గుల మీద, పిస్టన్ మీద బూడిద పేరుకుంటుంది.
- చాలా మోటార్లకి 50కి 1 పాలు. అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 10 లీటర్లకి 200, 24 లీటర్ల ట్యాంకుకి 480. మీ మోటారు పుస్తకంలోనో పట్టీ మీదో వేరే లెక్క ఉంటే అదే పాటించండి.
- ముందు ట్యాంకులో కొంచెం పెట్రోలు, దాని మీద ఆయిలంతా పోసి మూత పెట్టి బాగా ఊపండి, తర్వాత మిగతా పెట్రోలు పోయండి.

"ఆయిలు కాస్త ఎక్కువైతే మంచిదే కదా" అని కొందరి వాదన. మంచిది కాదు. పొగ, మసి, ప్లగ్గు తడి అన్నీ పెరిగి మోటారు ఇంకా ఆలస్యంగా అందుకుంటుంది. తక్కువైతే పిస్టనే పట్టేస్తుంది. కొలత సీసాతోనే పోయండి, కంటి అంచనాతో పోయకండి.

## 3. ట్యాంకు నుంచి మోటారు దాకా పైపు

ట్యాంకు మూత మీద గాలి మర ఉంటుంది. స్టార్ట్ చేసే ముందు అది తెరవాలి. తెరవకపోతే మోటారు అందుకుంటుంది, రెండు మూడు నిమిషాలు నడిచి ఆగిపోతుంది, మీరేమో కార్బొరేటర్ని అనుమానిస్తారు.

పైపుని చేత్తో వంచి చూడండి. పగుళ్లు వచ్చినా, జిగటగా అనిపించినా మార్చేయండి. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కి లోపల్నుంచి పొరలుగా ఊడతాయి, బయటికి మాత్రం బాగానే కనబడతాయి. రెండు చివర్లలో తగిలించే కనెక్టర్ లోపల చిన్న రబ్బరు రింగు ఉంటుంది, అది అరిగితే అక్కడ పెట్రోలు కారదు కానీ గాలి దూరుతుంది.

బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి. నొక్కేటప్పుడు బల్బుని నిలువుగా, బాణం పైకి చూసేలా పట్టుకోండి. పడుకోబెట్టి నొక్కితే లోపలి కవాటాలు సరిగ్గా మూసుకోవు.

- బల్బు క్రమంగా గట్టిపడి ఆగిపోయింది: అంతా బాగుంది, ఇక నొక్కొద్దు.
- ఎంత నొక్కినా మెత్తగానే ఉంది: ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు కవాటం పోయింది.
- నొక్కిన బల్బు నొక్కినట్టే చప్పిడిగా ఉండిపోయింది: ట్యాంకు వైపు దారి మూసుకుంది, ముందు గాలి మర చూడండి.
- గట్టిపడటం లేదు, కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతోంది: లోపలి ఫ్లోటు ఇరుక్కుంది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా రెండు దెబ్బలు వేయండి, చాలాసార్లు దానికే వదులుతుంది.

## 4. ప్లగ్గులు

రెండు నెలల విరామం తర్వాత కొత్త ప్లగ్గులు వేసుకోవడమే నయం, పాతవి బాగుంటే తుడిచి స్పేరుగా ఉంచుకోండి. నంబరు మాత్రం మోటారు పుస్తకంలో ఉన్నదే కావాలి, షాపువాడు "ఇది కూడా పడుతుంది" అంటే మర పట్టడం వేరు, వేడికి తట్టుకోవడం వేరు.

గ్యాపు చూసుకోండి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో నంబరు చివర -10 ఉంటే గ్యాపు 1.0 మిల్లీమీటరు అని అర్థం. కింద పడిన ప్లగ్గుకి గ్యాపు మూసుకుపోయి ఉండొచ్చు, చూడకుండా బిగించొద్దు.

బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే తిప్పాలి. మోటారు తల అల్యూమినియం, ప్లగ్గు మర ఇనుము, వంకరగా ఎక్కించి స్పానరు వేస్తే మర కొట్టుకుపోతుంది, ఆ ఖర్చు ముందు ప్లగ్గు ధర ఓ లెక్క కాదు. వేళ్లతో చివరిదాకా తిరిగాక కొత్త ప్లగ్గుకి స్పానరుతో అర చుట్టు, పాతదానికి కొద్దిగా బిగిస్తే చాలు. పైన పెట్టే రబ్బరు టోపీ లోపల చిలుము ఉంటే ఉప్పు కాగితంతో గీకండి, టోపీ టక్కుమని కూర్చోవాలి.

## 5. నీళ్లు లేకుండా నడపొద్దు

"ఒక్క క్షణం స్టార్ట్ అవుతుందో లేదో చూసి ఆపేస్తా" అని ఒడ్డున పొడిగా స్టార్ట్ చేసేవాళ్లు చాలామంది. నీళ్ల పంపులో ఉండే రబ్బరు రెక్కలు నీళ్లతోనే చల్లబడతాయి, నీళ్లతోనే జారతాయి. పొడిగా తిరిగితే కొన్ని సెకన్లలోనే కాలడం మొదలవుతుంది.

డ్రమ్ములో నీళ్లు ప్రొపెల్లరు పైన ఉండే అడ్డ పలక దాటి కొన్ని అంగుళాల ఎత్తులో ఉండాలి. మోటారుని గట్టి చెక్కకి బిగించి నిలబెట్టండి, ఆరుబయట పెట్టండి, పాకలోనో షెడ్డులోనో వద్దు, పొగ ప్రమాదం. డ్రమ్ములో ఉన్నంతసేపు గేరు వేయొద్దు.

నీళ్లలో దించే ముందు ప్రొపెల్లరు వెనక చూడండి. షాఫ్టుకి తంగూసు చుట్టుకుని ఉంటే కోసి తీసేయాలి, అది లోపలి సీలుని కోసేస్తుంది, దాంతో గేరు ఆయిల్లోకి నీళ్లు దిగుతాయి. గేరు పెట్టె అడుగు స్క్రూ కొంచెం వదులు చేసి రెండు చుక్కలు చూసుకోండి. తేనె రంగులోనో నల్లగానో ఉంటే ఫర్వాలేదు, పాలు కలిపిన టీలా ఉంటే సీలు పోయినట్టే, అది మార్చకుండా సముద్రానికి వెళ్లకండి.

## 6. స్టార్ట్ చేసే వరస

ఇది ఇదే వరసలో చేయాలి. ముందూ వెనకా చేస్తే కష్టం అనవసరంగా పెరుగుతుంది.

1. మోటారు నిలువుగా, పూర్తిగా కిందికి దించి ఉండాలి.
2. గేరు న్యూట్రల్.
3. ఆపే స్విచ్చుకి తాడు క్లిప్పు తగిలించి ఉండాలి. క్లిప్పు పోగొట్టుకుని చెప్పు ముక్క దోపి నడిపేవాళ్లని చూస్తుంటాం. అసలైన క్లిప్పు కొనుక్కోండి, మీరు నీళ్లలో పడితే మోటారుని ఆపేది అదే.
4. ట్యాంకు గాలి మర తెరవండి.
5. బల్బు గట్టిపడేదాకా నొక్కండి.
6. పిడి మీద స్టార్ట్ అన్న గుర్తుకి యాక్సిలరేటర్ తిప్పండి. గుర్తు చెరిగిపోతే పావు వంతు కంటే కొంచెం ఎక్కువ.
7. చోక్ పూర్తిగా లాగండి.
8. వెనక ఎవరూ లేరని చూసుకోండి. ఇరుకు బోటులో మోచెయ్యి తగిలి పళ్లు రాలిన సంగతులు ఉత్తుత్తివి కావు.
9. తాడుని మొదట నెమ్మదిగా లాగండి, లోపల పట్టు దొరికినట్టు ఒక చోట బరువు తెలుస్తుంది. అక్కడి నుంచి ఒక్క ఊపున, నేరుగా, బలంగా లాగండి. చివరిదాకా గుంజొద్దు, తాడు ముడి తెగుతుంది.
10. తాడుని వదిలేయకండి, చేత్తోనే వెనక్కి పంపండి. ఠపీమని వదిలితే లోపలి స్ప్రింగు పోతుంది.

రెండు మూడు సార్లకి ఫట్‌మని ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది. ఇదే అసలు ఘట్టం, చాలామంది ఇక్కడే పొరపడతారు. "ఆహా అందుకుంటోంది" అని చోక్ అలాగే ఉంచి ఇంకా గట్టిగా లాగుతారు. ఆ దెబ్బ వినబడగానే చోక్ సగం లోపలికి నొక్కాలి. తర్వాతి ఒకటి రెండు లాగులకి పట్టేస్తుంది. అప్పటికీ చోక్ పూర్తిగా ఉంచితే పెట్రోలు పోటెత్తి ప్లగ్గులు తడిసిపోతాయి.

చోక్ మీట లాగినా లోపల పలక మూసుకోకపోవడం కూడా పాత మోటార్లలో మామూలే, ఉప్పుకి కడ్డీ పట్టేసి ఉంటుంది. కార్బొరేటర్ ముందు మూత తీసి, మీట లాగుతూ పలక పూర్తిగా మూస్తోందో లేదో కంటితో చూడండి.

స్టార్టింగ్ స్ప్రే జోలికి పోకండి. టూ-స్ట్రోక్ ఇంజనుకి తడి వచ్చేదే పెట్రోల్లో కలిపిన ఆయిలు నుంచి. స్ప్రే ఆ తడిని కడిగేస్తుంది, పిస్టన్ పొడిగా కొట్టుకుంటుంది.

## 7. అందుకున్నాక మొదటి అయిదు నిమిషాలు

చోక్ ఒక్కసారిగా నొక్కేయకుండా, మోటారు గొంతు వింటూ కొంచెం కొంచెం లోపలికి నొక్కండి. అరనిమిషం నుంచి నిమిషం లోపు పూర్తిగా లోపలికి వెళ్లిపోవాలి.

వెంటనే వెనక సన్నధార చూడండి. నిమిషం లోపు నీళ్లు చిమ్మకపోతే ఆపేయండి, ఎంత బాగా నడుస్తున్నా సరే. తంగూసు ముక్కని ఆ రంధ్రంలోకి దూర్చి ఆడించి మళ్లీ చూడండి. మట్టో ఉప్పో అయితే దానికే వస్తుంది. రాకపోతే పంపు రెక్కలు పోయినట్టు, విప్పి కొత్తవి వేయాల్సిందే. రెండు నెలలు ఒకే భంగిమలో ఒత్తుకుని ఉన్న పాత రెక్కలు వంగిపోయి మళ్లీ విచ్చుకోవు. ఇసక నీళ్లలో నడిపేవాళ్లు ఏడాదికోసారి మార్చుకోవడమే చవక.

మొదట్లో నీలంగా, తెల్లగా పొగ గుప్పుమంటుంది. లోపల ఆయిలు పోసి ఉంచిన మోటారైతే మరీ ఎక్కువ. కొన్ని నిమిషాల్లో పలచబడాలి.

మూడు నిమిషాలైనా నెమ్మదిగా నడవనివ్వండి, త్వరగా వేడెక్కాలని యాక్సిలరేటర్ గుంజకండి. చల్లటి సిలిండర్లో పిస్టన్ ముందు వేడెక్కి ఉబ్బుతుంది, దాని చుట్టూ ఉన్న గోడ నీళ్లతో చల్లగానే ఉంటుంది. పట్టేయడం అప్పుడే జరుగుతుంది.

గేరు పరీక్ష నీళ్లలోనే. వేగం పూర్తిగా తగ్గించాక, మీటని టక్కుమని ఒక్కసారే వేయండి. భయపడుతూ మెల్లగా తోస్తే లోపలి పళ్లు రాసుకుని అరుగుతాయి. మొదటి రోజు ఏట్లోనో కాలువలోనో ఒక చుట్టు తిరిగి, ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూసుకున్నాకే మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటండి.

ఒడ్డు నుంచి నేరుగా కెరటాల్లోకి తోసే ఫైబర్ బోట్ల వాళ్లకి ఇంత తీరిక ఉండదు. వాళ్లకి నేను చెప్పేది: మొదటి రోజు డ్రమ్ములో అయిదు నిమిషాలు నడిపి, వేడి తగ్గకముందే బోటు దించండి. వేడి ఇంజనుకి చోక్ అక్కర్లేదు, ఒకటి రెండు లాగులకి అందుకుంటుంది.

## 8. అందుకోలేదా? ప్లగ్గు విప్పండి

అయిదారు లాగులయ్యాయి, ఫలితం లేదు. బల్బు, గాలి మర, క్లిప్పు ఇంకోసారి చూశారు. ఇప్పుడు ప్లగ్గు తీసి ముక్కు దగ్గర, కళ్ల ముందు పెట్టుకోండి. రెండు సిలిండర్లుంటే రెండూ తీసి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి.

ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంది. పెట్రోలు వస్తోంది. ఎక్కువైంది, లేదా నిప్పు పడటం లేదు. పెట్రోలు పైపు తీసేయండి, చోక్ లోపలికి నొక్కండి. ప్లగ్గు టోపీలకి పాత ప్లగ్గులు పెట్టి వాటి లోహపు భాగం ఇంజనుకి తగిలేలా కట్టండి, టోపీలు గాలిలో వేలాడుతుండగా లాగితే ప్లగ్గులకి నిప్పు పంపే కరెంటు పెట్టె దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆపే స్విచ్చు క్లిప్పు కూడా తీసేసి, తాడు అయిదారు సార్లు లాగండి, లోపలి పెట్రోలు ఆవిరై పోతుంది. పది నిమిషాలు ఆరనిచ్చి, పొడి ప్లగ్గులు వేసి, క్లిప్పు తగిలించి, ఈసారి చోక్ లేకుండా లాగండి. బీడీ, సిగరెట్ ఈ చుట్టుపక్కల ఉండకూడదు.

తడిసి ఉంది, ఆరబెట్టినా అందుకోవడం లేదు. నిప్పు చూడాలి. పెట్రోలు ఆవిరి పోయేదాకా ఆగి, క్లిప్పు తగిలించి, ప్లగ్గుని టోపీకి పెట్టి, దాని మర భాగాన్ని ప్లగ్గు రంధ్రాలకి దూరంగా ఇంజను ఇనుముకి ఆనించి, రబ్బరు పిడి ఉన్న ప్లేయరుతో పట్టుకోండి. రెండో టోపీకీ ఒక ప్లగ్గు పెట్టి ఇనుముకి ఆనించి కట్టాలి. ఇంకొకరు తాడు లాగాలి. లుంగీ, తువ్వాలు తిరిగే చక్రానికి దూరంగా ఉంచుకోండి. నీలంగా, చిటచిటమని చప్పుడు చేస్తూ నిప్పు దూకాలి. ఎర్రగా, సన్నగా ఉంటే బలం లేదు. అసలు లేకపోతే ఆపే స్విచ్చు నుంచి వచ్చే వైరు విడదీసి మళ్లీ చూడండి. ఇప్పుడు నిప్పు వచ్చిందంటే స్విచ్చే లోపల తడిసి ఎర్త్ అవుతోంది, మార్చండి. అది విడదీసి మాత్రం మోటారు స్టార్ట్ చేయొద్దు, ఆపడానికి స్విచ్చు పనిచేయదు. అప్పటికీ నిప్పు లేకపోతే ఎర్త్ వైరు చివర చిలుము గీకి బిగించండి. ఆ తర్వాత కాయిల్, కరెంటు పెట్టె మెకానిక్ మీటరు పెట్టి చూడాల్సినవే, ఊరికే కొత్తవి కొనకండి.

ప్లగ్గు పొడిగా ఉంది. పెట్రోలు చేరడం లేదు. పైపు మోటారు దగ్గర విడదీసి బల్బు నొక్కండి, ఆ చివర ధార వస్తే ముందు అనుమానించాల్సింది కార్బొరేటర్నే. గిన్నె విప్పి, ఇత్తడి జెట్లు తీసి వెలుతురులో చూడండి, సన్న చుక్కలా వెలుగు కనబడాలి. పూడుకుంటే కార్బొరేటర్ క్లీనరు కొట్టి, తంగూసుతో గుచ్చండి. ఇనుప తీగ పెట్టొద్దు, రంధ్రం పెద్దదైతే జెట్టు పనికిరాదు. పక్కన ఉండే సన్న స్క్రూ తీసేముందు లోపలికి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి రాసుకోండి, మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పి పెట్టాలి.

ప్లగ్గు మీద నీటి బొట్లు. పెట్రోల్లో నీళ్లున్నాయి, లేదా సిలిండర్లోకి నీళ్లు దిగాయి. పెట్రోలు గాజు సీసా పరీక్షలో తేటగా ఉంటే రెండోదే. ప్లగ్గులు తీసి, టోపీలు ఇందాకటిలాగే ఎర్త్ చేసి, తాడు లాగి నీళ్లన్నీ బయటికి కొట్టించి, ఆయిలు పోసి, అదే రోజు మెకానిక్‌కి చూపించండి. రేపటికి వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది.

## 9. స్టార్ట్ అవుతుంది కానీ...

- చోక్ లాగి ఉంచితేనే నడుస్తోంది, లోపలికి నొక్కితే ఆగుతోంది: నెమ్మదిగా నడిపే సన్న జెట్టు పూడుకుంది, లేదా ఎక్కడో గాలి దూరుతోంది.
- రెండు మూడు నిమిషాలకి ఆగుతోంది, బల్బు నొక్కితే బతుకుతోంది: గాలి మర, పైపు కనెక్టర్ రింగు, ఇంజను మీదున్న పెట్రోలు పంపు పొర. ఈ వరసలోనే చూడండి.
- వణుకుతోంది, బలం లేదు: ఒక సిలిండరే పనిచేస్తోంది. ఆపి రెండు ప్లగ్గులు తీసి పోల్చండి, తడిగా, చల్లగా ఉన్నది పనిచేయనిది.
- తాడు మరీ తేలిగ్గా వస్తోంది: కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) పోయింది. మీటరు పెట్టి చూస్తే రెండు సిలిండర్ల లెక్కా దగ్గర దగ్గరగా ఉండాలి.

## 10. కిరోసిన్ మోటార్లు

కిరోసిన్ చల్లటి ఇంజనులో సరిగ్గా ఆవిరి కాదు. అందుకే మోటారుని పెట్రోలు మీద స్టార్ట్ చేసి, బాగా వేడెక్కాక కిరోసిన్‌కి మార్చాలి. ఇది అందరికీ తెలిసిందే. మర్చిపోయేది రెండో సగం: ఆపడానికి రెండు మూడు నిమిషాల ముందు మళ్లీ పెట్రోలుకి మార్చాలి. అలా చేయకపోతే కార్బొరేటర్ గిన్నె నిండా కిరోసిన్ మిగిలి, మర్నాడు తెల్లవారుజామున ఎంత లాగినా ఉలకదు పలకదు. అలా ఇరుక్కుంటే గిన్నె డ్రెయిన్ స్క్రూ విప్పి కిరోసిన్ కార్చేసి, పెట్రోలు వైపు మార్చి, బల్బు నొక్కి మొదలుపెట్టండి.

కిరోసిన్ మీద ప్లగ్గులు తొందరగా మసి పడతాయి. కాబట్టి స్పేరు సెట్టు లేకుండా వెళ్లొద్దు.

## 11. ఆపే పద్ధతి

రేపటి స్టార్ట్ ఇవాళ ఆపేదాన్ని బట్టే ఉంటుంది. రోజూ వేటకు వెళ్లేవాళ్లకి పెద్ద పనేం లేదు: రెండు నిమిషాలు నెమ్మదిగా నడిపి ఆపండి, ట్యాంకు గాలి మర మూయండి.

వారం కంటే ఎక్కువ ఆపుతున్నారంటే:

- డ్రమ్ములో మంచినీళ్లతో పది నిమిషాలు నడపండి, ఉప్పు కడుక్కుపోతుంది.
- చివర్లో పెట్రోలు పైపు తీసేసి, దానంతట అదే ఆగేదాకా నడవనివ్వండి. గిన్నెలో మిగిలిన కాస్తా డ్రెయిన్ స్క్రూ నుంచి తీసేయండి.
- ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో చెంచా ఆయిలు పోసి, చక్రాన్ని చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించండి.
- లోపలి కనెక్షన్ల మీద డబ్ల్యూడీ-40 కొట్టండి, గేరు ఆయిలు మార్చండి.
- మోటారుని నిలువుగానే ఉంచండి, పడుకోబెడితే కింద మిగిలిన నీళ్లు సిలిండర్ వైపు వస్తాయి.
- నీళ్లు చిమ్మే రంధ్రానికి గుడ్డ పేలిక దోపండి, కుమ్మరి పురుగు రాకుండా. పేలిక చివర బయటికి కనబడేలా వదలండి, స్టార్ట్ చేసేముందు తీయడం గుర్తుంటుంది.

## 12. బోటులో ఉండాల్సిన డబ్బా

మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఇవి ఎప్పుడూ ఉండాలి: గ్యాపు చూసిపెట్టిన ప్లగ్గుల సెట్టు, ప్లగ్గు స్పానరు, స్క్రూడ్రైవర్, ప్లేయరు, రెండో క్లిప్పు, పైపు కనెక్టర్ రింగులు రెండు, పొడి గుడ్డ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తంగూసు ముక్క, టార్చి.

ఇంకోటి, ఒక చివర ముడి వేసిన మీటరు పొడవు గట్టి తాడు. నడిసముద్రంలో స్టార్టర్ తాడు తెగితే పైనున్న స్టార్టర్ భాగం విప్పేసి, ఈ ముడిని చక్రం గాడిలో పెట్టి గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టి లాగాలి. తాడు రెండో చివర చేతికి చుట్టుకోవద్దు, చెక్క ముక్కకి కట్టి పట్టుకోండి. గేరు న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకోండి, ఈ పద్ధతిలో స్టార్ట్ చేసినప్పుడు గేరులో ఉన్నా మోటారు అందుకునేస్తుంది. అందుకున్నాక తెరిచి ఉన్న చక్రం దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి, కవరు మళ్లీ పెట్టే ప్రయత్నం నడుస్తుండగా చేయొద్దు, నెమ్మదిగా ఒడ్డుకి వచ్చేయండి.